సీసా అమ్ముతున్నాం, సరుకు కాదు

పాత సామానుకు మంచి రోజులు వచ్చాయి. ఒకప్పుడు సంక్రాంతికి ఇల్లు దులిపినప్పుడు అటక మీద నుంచి దిగిన వస్తువులు దిగినట్టే పాత సామాను బండివాడి తక్కెడలోకి పోయేవి. ఇత్తడికి ఒక ధర, ఇనుముకు ఒక ధర, సీసాలైతే లెక్క. ఇప్పుడు అట్లా కాదు. ఇంట్లో ఎవరో ఒక కుర్రవాడు సెల్‌ఫోను పట్టుకుని వచ్చి, "ఆగండి, దీన్ని ఫొటో తీసి పెడితే కొనేవాళ్ళుంటారు" అంటాడు. నిజమే, ఉంటారు. మరచెంబులు, గ్రామఫోను రికార్డులు, తపాలా బిళ్ళలు, సినిమా పాటల పుస్తకాలు, అన్నిటికీ ఆన్‌లైన్ సంతలో బేరం ఉన్నది. ఐతే ఆ అటక సామానులో ఒక వస్తువు మాత్రం తక్కినవాటి సరసన చేరదు. మూత విప్పని పాత మద్యం సీసా అది.

ఈ పత్రికలో మద్యం మాటేమిటని పెద్దలు నొసలు చిట్లించవద్దు. ఇది తాగేవారి సంగతి కాదు, తాగనివారి సంగతి. తాగేవారి ఇంట్లో సీసా పాతబడదు గదా! నలభై ఏళ్ళు మూత విప్పకుండా ఉన్నదంటే అది బహుమతిగా వచ్చినదైనా అయివుండాలి, ముచ్చటపడి దాచినదైనా అయివుండాలి. రైల్వేలోను, రేవుల్లోను, ఓడల్లోను, మిలిటరీలోను పనిచేసిన మనవారి ఇళ్ళలో ఇటువంటివి తప్పక ఒకటో రెండో కనబడతాయి.

మన చందాదారులలో ఒక కుటుంబం ఉన్నది. పెద్దాయన ముప్ఫై ఏళ్ళపాటు సరకు ఓడల్లో స్టూవర్డుగా చేసి, రేవు రేవుకూ ఒక సీసా చొప్పున తెచ్చి గాజు బీరువాలో పెట్టుకున్నారు. ఆయనకు వాటి ఆకారాలు, లేబుళ్ళు అంటే ఇష్టం. గొంతులోకి మాత్రం చుక్క పోనిచ్చిన మనిషి కాదు. ఆయన పోయి ఏడాదైనది. బీరువాలో 37 సీసాలున్నాయి. ఇల్లాలు చెన్నైలో ఉంటారు, కొడుకు పుణేలో, కూతురు బెంగుళూరులో. ఆవిడకు రెండు మోకాళ్ళూ అరిగిపోయినాయి, ఆపరేషను చేయించాలి. మనుమడు ఆ సీసాలలో ఒకదాని వంటిదే స్కాట్లండులో వేలంలో పెద్ద ధరకు పోయినట్టు ఫోనులో చూశాడు. ఇంకేం, ఇల్లంతా లెక్కలు కట్టుకున్నారు. "మీ తాతగారు దేశాలు తిరిగి తెచ్చినవి నా మోకాళ్ళకు అక్కరకు వస్తే అంతకంటే ఏం కావాలి నాయనా?" అన్నది ఆవిడ. అనడంలో తప్పు లేదు. ఇవి సేకరణ వస్తువులనీ, తాగే సరుకు కాదనీ ప్రకటనలో వ్రాస్తే సరిపోతుందని మనుమడికి ఎవరో చెప్పారట. అది సరిపోతుందా అని మన సంఘానికి ఉత్తరం వచ్చినది. జవాబు నన్ను వ్రాయమన్నారు. గుమాస్తాకు రూల్సు చదవడం తప్ప వేరే విద్య ఏమున్నది?

ఆ కుర్రవాడికి చెప్పినవారు గాలిలోంచి పుట్టించి చెప్పలేదు. అమెరికాలో సరిగ్గా అటువంటి రూలే ఒకటి కొన్నేళ్ళు నడిచినది. అది నడిచిన తీరూ, ఆగిన తీరూ తెలుసుకుంటే మన ప్రశ్నకు సగం జవాబు దొరుకుతుంది.

ఈబే అనే పెద్ద ఆన్‌లైన్ సంత పేరు మీరు వినే ఉంటారు. మన దేశంలో దాని దుకాణం 2018లో మూసేశారు గాని అమెరికాలోను, ఇంగ్లండులోను ఇప్పటికీ నడుస్తున్నది. ఆ సంతలో మద్యం అమ్మకూడదని రూలున్నది. ఐతే దానికి ఒక చిన్న తలుపు తెరిచి పెట్టారు. సేకరించదగిన పాత్ర అయితే అమ్ముకోవచ్చు. విలువ పాత్రలో ఉండాలి గాని లోపలి ద్రవంలో ఉండకూడదు. మూత విప్పి ఉండకూడదు, కాని లోపల ఉన్నది తాగడానికి ఉద్దేశించినది కాదని చెప్పాలి. ఆ సరుకు ఏ దుకాణంలోనూ దొరకనిదై ఉండాలి. పాత్ర విలువ లోపలి సరుకు ధరకంటె చాలా ఎక్కువై ఉండాలి. కొనేవాడు వయసు వచ్చినవాడేనా అని అమ్మేవాడు చూసుకోవాలి. పంపించడంలో చట్టాన్ని మీరకుండా ఉండే బాధ్యత ఇద్దరిదీ.

వినడానికి ఎంత సబబుగా ఉన్నదో చూడండి. ఒకప్పుడు సబబే కూడాను. 1950ల నుంచి 1970ల దాకా అమెరికాలో జిమ్ బీమ్ వంటి కంపెనీలు పింగాణీతో చిత్ర విచిత్రమైన సీసాలు చేయించాయి. మోటారు కారు ఆకారం, పక్షి ఆకారం, రైలింజను ఆకారం. మన దసరా బొమ్మల కొలువులో పెట్టుకోదగినవి. వాటిని సేకరించేవారికి సంఘాలే ఉండేవి. అటువంటి బొమ్మ సీసాను అమ్మేవాడు లోపల ఏదో కొంత విస్కీ మిగిలి ఉన్నది, దాన్ని పట్టించుకోకండి అంటే నమ్మవచ్చు. అక్కడ వస్తువు నిజంగా బొమ్మే.

తలుపు కాస్త తెరిచి ఉంచితే దాంట్లోంచి ఏనుగు దూరుతుంది. క్రమంగా కొన్ని రకాల అమెరికా విస్కీలకు గిరాకీ పెరిగిపోయినది. పాపీ వాన్ వింకిల్ అనేది ఒకటున్నది. దుకాణంలో దొరకదు, దొరికితే అచ్చువేసిన ధరకు దొరకదు. ఆ సీసా ఆకారం మామూలు సీసాదే. పింగాణీ లేదు, పక్షి లేదు. అయినా అదే ఈబేలో సేకరణ పాత్ర అనే పేరుతో వందలకొద్దీ డాలర్లకు అమ్ముడయ్యేది. ప్రకటనలో మాత్రం ఆ అయిదారు షరతులూ తు.చ. తప్పకుండా అచ్చయ్యేవి. మూత విప్పనిది, తాగడానికి కాదు, విలువ పాత్రలోనే అని. అదే పాత్ర ఖాళీదైతే ఆ ధరలో పదోవంతు కూడా పలకదని అమ్మేవాడికీ తెలుసు, కొనేవాడికీ తెలుసు, సంత నడిపేవారికీ తెలిసే ఉండాలి.

మా ఆఫీసులో ఒక సామెత లాంటి మాట ఉన్నది: ఫైలు మీద పేరు మారిస్తే లోపలి కాగితం మారదు. నలుగురు ఒప్పుకుని నటిస్తున్నంత కాలం ఇటువంటి మాటలు నడుస్తాయి. 2012లో ఈబే వారు ఆ తలుపు మూసేశారు. అమెరికాలో లైసెన్సు ఉండి, ముందుగా తమ అనుమతి పొందిన ద్రాక్షసారా వర్తకులకు తప్ప తక్కినవారికి సేకరణ పేరుతో మద్యం అమ్మే వీలు పోయినది. ఖాళీ పాత్రలకు అభ్యంతరం లేదు. జనం ఊరుకున్నారా? ఫేస్‌బుక్ గుంపుల్లోకి పోయారు. 2019లో ఫేస్‌బుక్ వారు కూడా ప్రైవేటు వ్యక్తులు తమలో తాము మద్యం అమ్ముకోవడం, మార్చుకోవడం, బహుమతి పేరుతో ఇచ్చుకోవడం నిషేధించారు. బహుమతి అనే మాట అందులో ఎందుకు వచ్చినదో ఆలోచించండి. సీసాను బహుమతిగా ఇస్తున్నాను, మీరు నాకు లేబులు ఫొటోను అయిదువేలకు కొనండి అనే బేరాలు ఎటువంటివో మనకు తెలియనివి కావు.

ఈ సంతల రూల్సు పెట్టేది కంపెనీవారు. వారు ఇవాళ తెరుస్తారు, రేపు మూస్తారు. వారి రూలు తెరిచి ఉన్నంత మాత్రాన చట్టం తెరిచి ఉన్నట్టు కాదు. అమెరికాలో 1933లో దేశవ్యాప్త మద్యనిషేధాన్ని ఎత్తివేసిన 21వ రాజ్యాంగ సవరణే మద్యం విషయం రాష్ట్రాలకు అప్పగించినది. ఒక రాష్ట్రంలో చెల్లినది పక్క రాష్ట్రంలో చెల్లదు. వారి తపాలా శాఖ మద్యం ముట్టుకోదు. ప్రైవేటు పార్సెలు కంపెనీలు లైసెన్సు ఉన్న వర్తకులనుంచి తప్ప ఇళ్ళనుంచి తీసుకోవు. కనుక ఆ ప్రకటనలు పెట్టినవారిలో చాలామంది పార్సెలు మీద "గాజు సామాను" అనో, "ఆలివ్ నూనె" అనో వ్రాసి పంపేవారు. ఒక అబద్ధం చెప్పినందువల్ల రెండో అబద్ధం చెప్పవలసి వచ్చినదన్నమాట.

మన రాజ్యాంగం కూడా ఈ విషయంలో అదే దారి. 7వ షెడ్యూలులో రాష్ట్రాల జాబితా, 8వ అంశం: మత్తు ద్రవ్యాల తయారీ, స్వాధీనం, రవాణా, కొనుగోలు, అమ్మకం, అన్నీ రాష్ట్రాలవే. తయారీ, అమ్మకాలతో పాటు స్వాధీనం అనే మాట కూడా అందులో ఉన్నదని గమనించాలి. బెంగుళూరు ఖోడే డిస్టిలరీసు వారికీ కర్ణాటక ప్రభుత్వానికీ జరిగిన వ్యాజ్యంలో 1994లో సుప్రీంకోర్టు, తాగే మద్యంతో వ్యాపారం చేయడం పౌరునికి ప్రాథమిక హక్కు కాదని స్పష్టంగా చెప్పినది. ఇత్తడి చెంబు అమ్ముకోవడం మన హక్కు. సీసా అమ్ముకోవడం సర్కారు ఇచ్చే అనుమతి. ఈ భేదం గుర్తుంటే తక్కినది సులభం.

ఇక మన పత్రిక చదివేవారు ఐదు చోట్ల ఉన్నారు గనుక ఒక్కొక్క చోటి సంగతి కాస్త చూద్దాం.

తమిళనాడులో 1937 నాటి ప్రొహిబిషన్ చట్టం ఇప్పటికీ ఉన్నది. ఆ ఏడాదే రాజాజీగారు సేలం జిల్లాలో మొదట నిషేధం పెట్టారు. తరువాత ఎన్నిమార్లు ఎత్తినా, దించినా చట్టం పేరు మాత్రం నిషేధ చట్టమే. చిల్లర దుకాణాలలో మద్యం అమ్మకం 2003 నుంచి సర్కారువారి టాస్మాక్ ఒక్కదానిదే. అటువంటి చోట ఒక ఇల్లాలు మా ఇంట్లో సీసా ఉన్నది కొనుక్కోండి అని ఫోనులో ప్రకటన పెడితే ఆవిడ ఎవరితో పోటీకి దిగినట్టో నేను చెప్పనక్కరలేదు.

మహారాష్ట్రలో 1949 నాటి బొంబాయి మద్యనిషేధ చట్టం, ఇప్పుడు మహారాష్ట్ర పేరుతో, అమలులో ఉన్నది. అక్కడ అమ్మడానికి లైసెన్సు కావాలనడం అటుంచి, కాగితం మీద తాగడానికే పర్మిట్టు కావాలి. విస్కీ, బ్రాంది వంటివాటికి 25 ఏళ్ళు నిండాలి. పుణేలో ఉన్న కొడుకు, అమ్మ దగ్గరున్న సీసాలు ఇక్కడికి తెచ్చి అమ్ముతాను అంటే ఒక నిషేధ చట్టంలోంచి బయలుదేరి ఇంకొక నిషేధ చట్టంలోకి వచ్చినట్టు. దారిలో రాష్ట్రం సరిహద్దులు వేరే.

కర్ణాటకలో 1965 నాటి ఎక్సైజు చట్టం, ఒడిశాలో 2008 నాటి ఎక్సైజు చట్టం. రెండింటిలోనూ లైసెన్సు లేని అమ్మకం నేరమే. బెంగుళూరులో మద్యం దుకాణాలు ఎక్కువ గనుక చట్టం సడలిందనుకునేవారున్నారు. దుకాణాలు ఎక్కువగా ఉండడం వేరు, ఇల్లు దుకాణం కావడం వేరు. ఇంకొక తమాషా ఏమిటంటే, అదే బెంగుళూరులో పుట్టిన అమృత్ సింగిల్ మాల్టు విస్కీ 2004లో మొట్టమొదట స్కాట్లండులోని గ్లాస్గో నగరంలో అమ్మకానికి వెళ్ళినది. ఈనాడు దాని అరుదైన సీసాలు అక్కడి వేలాలలో చేతులు మారుతున్నాయి. పుట్టిన ఊళ్ళో మాత్రం అదే సీసాను కొని దాచుకున్నవాడు మారు అమ్మకూడదు.

యానాం సంగతి అందరికీ తెలిసినదే. 1954 దాకా ఫ్రెంచివారి ఏలుబడి, ఇప్పుడు పుదుచ్చేరి ఎక్సైజు, చుట్టూరా ఆంధ్ర. 1995 నుంచి 1997 దాకా ఆంధ్రలో సంపూర్ణ నిషేధం ఉన్న రోజుల్లో ఆ సరిహద్దు ఎంత బరువైనదో అక్కడి పాత కాపురస్థులు చెబుతారు. తాతల నాటి ఫ్రెంచి బ్రాందీ సీసా యానాంలో ఇంట్లో ఉండగా ఒక వస్తువు, కాకినాడ బస్సు ఎక్కితే మరొక వస్తువు. దాని వయసు ఎవరూ అడగరు.

2020లో లాక్‌డౌను రోజుల్లో స్విగ్గీ, జొమాటో కుర్రవాళ్ళు ఒడిశాలో ఇంటింటికీ మద్యం తెచ్చి ఇచ్చారు గదా, మహారాష్ట్రలో దుకాణాలవారే ఇంటికి పంపారు గదా, మరి ఆన్‌లైన్ అమ్మకం చట్టమైనట్టే గదా అని మనుమడు వాదించాడట. ఆ ఏడాది మే నెలలో సుప్రీంకోర్టు కూడా రాష్ట్రాలు ఇంటికి అందజేసే పద్ధతి ఆలోచించవచ్చునని అన్నమాట నిజమే. ఐతే అక్కడ అమ్మినది లైసెన్సు ఉన్న దుకాణం. ఫోనూ, సైకిలుమోటారూ మధ్యవర్తులు మాత్రమే. సుంకం కట్టిన సరుకు దుకాణంనుంచి ఇంటికి వచ్చినది. మనం అడుగుతున్నది ఇంటినుంచి బయటికి పోయే సరుకు సంగతి. ఆ దిక్కుకు ఏ రాష్ట్రమూ ఇంతవరకు సైకిలు వదలలేదు.

మరి లోకంలో ఎక్కడా ఇంటివారు తమ పాత సీసాను ధర్మంగా అమ్ముకునే దారి లేదా అంటే, ఉన్నది. ఇంగ్లండు, స్కాట్లండులలో వేలం కంపెనీలు లైసెన్సు తీసుకుని ఆన్‌లైన్‌లో నెలనెలా వేలాలు వేస్తాయి. ఇంటాయన సీసాను వారికి అప్పగిస్తాడు. పరీక్షించేది వారు, అమ్మేది వారు, కమీషను పట్టుకుని డబ్బు ఇచ్చేది వారు. 2023 నవంబరులో లండనులో సోథెబీ వారి వేలంలో 1926 నాటి మకాలన్ విస్కీ సీసా ఒకటి 21 లక్షల పౌండ్ల పైచిలుకు పలికినది. మన రూపాయల్లో ఇరవై కోట్లకు మించిన మాట. (ఈ వాక్యం చదివి బీరువా వైపు చూడవద్దు. అటువంటివి లోకం మొత్తం మీద పదుల్లో ఉన్నవి.)

నాకు ఇంకా నచ్చినది అమెరికాలోని కెంటకీ రాష్ట్రం చేసిన పని. అక్కడివారు 2017లో ఒక చట్టం చేసి 2018 జనవరి 1 నుంచి అమలు పెట్టారు. ఇంట్లో పాత సీసా ఉన్న ప్రైవేటు వ్యక్తి దాన్ని లైసెన్సు ఉన్న దుకాణానికి అమ్ముకోవచ్చు. అది మామూలు టోకు వర్తకులవద్ద దొరకని పాత సరుకై ఉండాలి, కొన్న దుకాణంవారు ఆ సంగతి ప్రభుత్వానికి తెలపాలి. పాత్ర అనే సాకు లేదు, తాగడానికి కాదనే నటన లేదు. ఇది విస్కీ, పాతది, ఇంటిది, అమ్ముతున్నాం, ఇదుగో కాగితం. మన రాష్ట్రాలు కూడా ఇటువంటి కిటికీ ఒకటి తెరిస్తే ఓడల్లో పనిచేసినవారి కుటుంబాలకు మేలు జరుగుతుందని నా అభిప్రాయం. సర్కారుకూ నాలుగు రూపాయల సుంకం వస్తుంది. కాని తెరిచేదాకా తెరిచినట్టు నటించకూడదు.

ఆ కాగితమూ, పరీక్షా ఎందుకు ముఖ్యమో చెప్పడానికి స్విట్జర్లండులో జరిగిన సంగతి ఒకటి చాలు. 2017లో సెయింట్ మోరిట్జ్ అనే కొండ ఊరిలో ఒక హోటలుకు చైనానుంచి వచ్చిన అతిథి 1878 నాటి మకాలన్ అని లేబులున్న సీసాలోంచి ఒక్క చిన్న గ్లాసు పోయించుకుని, దానికి పదివేల స్విస్ ఫ్రాంకులకు ఒక్కటి తక్కువ ఇచ్చాడు. ఆ సీసా హోటలు మేనేజరు తండ్రి పాతికేళ్ళ క్రితం కొన్నది. తరువాత అనుమానం వచ్చి పరీక్షకు పంపితే అది 1970 ప్రాంతాల సరుకని తేలినది. 1950లలోను, ఆ తరువాతా అణుబాంబుల పరీక్షల వల్ల గాలిలో ఒక రకం కర్బనం పెరిగినది. ఆ తరువాత పండిన బార్లీలో దాని గుర్తు ఉండిపోతుంది. దాన్నిబట్టి విస్కీ వయసు చెబుతారు. హోటలువారు డబ్బు తిరిగి ఇచ్చేశారు. ఆ తండ్రీ కొడుకులు మోసగాళ్ళు కారు. వారినే ఎవరో ఎప్పుడో మోసగించారు. స్కాట్లండులో 2018లో ఇటువంటి పరీక్షకే 55 అరుదైన సీసాలు పంపితే 21 బూటకమని తేలినాయి.

మన స్టూవర్డుగారు రేవుల్లో కొన్న సీసాలు అసలైనవే కావచ్చు. కాని ఆవిడ వాటిని ఫోనులో అమ్మి, కొన్నవాడు ఇది దొంగ సరుకు అని తిరగబడితే ఏమి చూపిస్తుంది? రసీదు లేదు, లైసెన్సు లేదు. పోలీసు స్టేషనుకు పోదామంటే మొదటి ముద్దాయి తనే. ఈ చిక్కు కొందరు బాగా కనిపెట్టారు. సీసా ఫొటో పెట్టిన గంటలో, "మేడమ్, మేము తీసుకుంటాం, అడ్వాన్సు పంపుతున్నాం, ఈ గుర్తును స్కాను చేసి మీ నంబరు కొట్టండి" అని సందేశం వస్తుంది. డబ్బు తీసుకోవడానికి ఎవరూ రహస్య నంబరు కొట్టనక్కరలేదు. కొడితే మన ఖాతాలోంచి పోతుంది. మన మనుమడికి సరిగ్గా ఈ సందేశమే వచ్చినది. వాడు బ్యాంకులో పనిచేసే మేనమామను అడిగినందువల్ల ఆగినది. అటువంటి మోసం జరిగితే 1930 నంబరుకు వెంటనే ఫోను చేయాలి. కాని తప్పు సరుకు అమ్మబోయి మోసపోయినవారు సిగ్గుపడి ఫోను చేయరు. మోసగాడికి కావలసినది ఆ సిగ్గే.

కనుక ఆవిడకు మేము వ్రాసిన జవాబు ఇది. అమ్మగారూ, ఆ సీసాలు ఫోనులో పెట్టించకండి. పెట్టినవి ఉంటే తీయించండి. ఎవరి అడ్వాన్సూ తీసుకోకండి. ఇంట్లో ఎంత దాకా ఉంచుకోవచ్చునో ఒక్కొక్క రాష్ట్రం ఒక్కొక్క లెక్క పెట్టినది. 37 సీసాలు ఆ లెక్కకు మించే అవకాశమే ఎక్కువ. కాబట్టి మీ పేరుతో జిల్లా ఎక్సైజు అధికారికి ఒక అర్జీ వ్రాయించండి. నా భర్త ఉద్యోగరీత్యా విదేశాలనుంచి తెచ్చినవి, ఆయన మరణించారు, ఇవి ఇన్ని ఉన్నవి, ఏమి చేయవలెనో తెలపవలెను అని. మరణ ధ్రువపత్రం, ఆయన ఓడ ఉద్యోగపు పుస్తకం నకళ్ళు జతపరచండి. అర్జీ అందినట్టు ముద్ర వేయించుకుని నకలు దాచుకోండి. తానై తెలియజేసిన మనిషినీ, దాచి పట్టుబడిన మనిషినీ ఏ అధికారీ ఒకే కంటితో చూడడు. పిల్లలు తలా కొన్ని సూట్‌కేసులో పెట్టుకుని పుణేకూ, బెంగుళూరుకూ పంచుకుపోదామనే ఆలోచన మాత్రం మానండి.

లండనులో మేనకోడలున్నది, పంపితే అక్కడ వేలంలో పెడుతుందని ఆవిడ తిరిగి వ్రాశారు. అక్కడికి పోయేవారు నాలుగు లీటర్ల దాకా ఘాటు మద్యం సుంకం లేకుండా తీసుకుపోవచ్చు. అది సొంతానికో, బహుమతికో మాత్రమే. అమ్మకానికి తెచ్చినదైతే ఆ రాయితీ వర్తించదు, సరుకును జప్తు కూడా చేస్తారు. మన దేశంలోకి వచ్చేవారికి ఇచ్చే రెండు లీటర్ల రాయితీ కూడా సొంత వాడకానికే. మేనకోడలిని ఇందులోకి లాగకపోవడం మంచిది.

బీరువాలో ఉన్నవన్నీ సీసాలే కావు. ఆ కంపెనీలు ఓడలవారికి పంచిన పింగాణీ నీళ్ళ జగ్గులు ఎనిమిది, చెక్కపెట్టెలు, ఇత్తడి బూడిద పళ్ళాలు, గ్లాసు కింద పెట్టే అట్టలు కట్టలకొద్దీ ఉన్నాయి. వీటికి ఏ ఎక్సైజూ లేదు. ఇవి నిజంగానే సేకరణ వస్తువులు, ఏ సంతలోనైనా పెట్టుకోవచ్చు. ఈ నెలలో నాలుగు జగ్గులు పోయినాయట. మోకాలి ఆపరేషనుకు అది చాలదు గాని, ఎక్సరేలకూ, డాక్టరు ఫీజుకూ వచ్చినదని కూతురు చెప్పింది. తక్కిన డబ్బుకు సర్కారు బీమా పథకం కార్డు ఉన్నదేమో చూడమన్నాము.

ఖాళీ సీసాల విషయంలో ఒక్క జాగ్రత్త. ఖాళీ సీసా అమ్మడం తప్పు కాదు. నీలగిరి జిల్లాలో టాస్మాక్ వారే 2022 నుంచి ఖాళీ సీసా తిరిగి ఇస్తే 10 రూపాయలు ఇస్తున్నారు. కాని ఖరీదైన విదేశీ సీసా ఖాళీదైనా వందలూ, వేలూ పెట్టి కొంటామని ఎవరైనా వెతుక్కుంటూ వస్తే, దేనికని అడగండి. రూడీ కుర్నియావన్ అనే ఇండొనీషియా యువకుడు అమెరికాలో కోటీశ్వరులకు పాత ద్రాక్షసారా అమ్మేవాడు. హోటల్లో విందు చేసి, ఆ ఖాళీ సీసాలు తన ఇంటికి పంపించండి అని అడిగేవాడట. 2012లో అతని ఇల్లు సోదా చేస్తే వేలకొద్దీ లేబుళ్ళు, బిరడాలు, సీసాలు దొరికాయి. పాత సీసాల్లో కొత్త సరుకు పోసి అమ్ముతున్నాడు. 2014లో పదేళ్ళ శిక్ష పడినది. కాబట్టి ఖాళీ సీసా ఇచ్చేటప్పుడు లేబులును వేడినీళ్ళలో నానబెట్టి ఊడదీయండి, మూతను రెండు ముక్కలు చేయండి. అలంకారానికి ఉంచుకునే స్ఫటికపు సీసాలలో మంచినీళ్ళు, షర్బత్తు నిలవ పోయవద్దు. ఆ గాజులో సీసం కలుస్తుంది, అది ద్రవంలోకి దిగుతుంది. పిల్లలున్న ఇంట్లో పువ్వులు పెట్టుకోవడానికైతే బాగుంటాయి.

పాత నాణాలూ, విక్టోరియా రాణి రూపాయలూ లక్షలకు కొంటామని ఫోనులో వస్తున్న ప్రకటనల సంగతి బరంపురంనుంచి ఇద్దరు అడిగారు. వారికి వచ్చే సంచికలో.